మంద కుక్క కోసం బోథ్ దాకా

మా ఊళ్లో ఎవరైనా దూరం పోయివస్తే ఏం తెచ్చారని అడుగుతారు. వేములవాడ పోయినవాళ్లు ప్రసాదం తెస్తారు, బొంబాయి పోయినవాళ్లు గడియారాలు తెస్తారు. నేనూ కొమురయ్యా ఆరు రోజులు తిరిగి ఒక కుక్కపిల్లను తెచ్చాం. నవ్వినవాళ్లు నవ్వారు. నవ్వనివాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

ముప్పై రెండేళ్లు పశువుల ఆసుపత్రుల్లో కాంపౌండరుగా పనిచేసి రిటైరయ్యాను. ఎక్కడున్నా పడుకునే ముందు డైరీ రాయడం అలవాటు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆఫీసు బీరువాలో ఒక లావుపాటి ఇంగ్లీషు పుస్తకం ఉండేది. అందులో పరదేశాల కొండల్లో గొర్రెల మందలను కాసే పెద్ద కుక్కల గురించి ఒక్కో జాతికి ఒక్కో పేజీ. భుజం దగ్గర ఎత్తు ఎంత, తల ఎట్లా ఉండాలి, ఛాతీ, వెంట్రుక, తోక, గుణం, చివరగా ఏవేవి లోపాలు. ఆ పేజీలు నకలు రాసుకున్నాను. గొర్రెలు కాసే మన కురుమల మంద కుక్కకు మాత్రం అందులో సగం పేజీ కూడా లేదు. ఆ పేజీ ఎప్పటికైనా నేనే రాయాలని అప్పుడే అనుకున్నాను.

కొమురయ్యది మా ఊరే, కరీంనగర్ జిల్లా మెట్‌పల్లి పక్కన. తండ్రి నాటి నుంచి నూట ఇరవై గొర్రెల మంద. వానాకాలంలో అతని ముసలి కుక్క చచ్చిపోయింది. తర్వాత రెండు నెలల్లో తోడేళ్లు పదకొండు గొర్రెలను ఎత్తుకుపోయాయి, అదీ పట్టపగలు. అతని భార్య లచ్చవ్వ గొర్రెల బేరగాడికి కబురు పెట్టింది. వాడు సోమవారం వస్తానన్నాడు.

"సోమారం లోపట కుక్కను తెస్తివా, మంద ఉంటది. తేకపోతివా, మంద పోతది. నేను బీడీలు చేసుకుంట, నువ్వు కూలికి పో," అని నా ముందే తేల్చి చెప్పింది.

 అది బుధవారం పొద్దున.

మెట్‌పల్లి బస్టాండు

కొమురయ్య మేనత్త వరుస అయ్యే గంగవ్వ ఆదిలాబాదు దిక్కున బోథ్ దగ్గర మంద మేపుతుంది. ఆమె కుక్కల పేరు మా దాకా వినబడుతుంది. ఈ ఈతలో అయిదు పిల్లలు పుట్టాయనీ, నాలుగు ముందే మాట తీసుకున్నవాళ్లకు పోయాయనీ, ఒక్క మగపిల్లను ఆపిందనీ కబురు వచ్చింది. మందను తమ్ముడికి అప్పగించి కొమురయ్య బయలుదేరాడు. నేను ఒక దర్జీ టేపు, కొత్త నోటుబుక్కు పట్టుకొని వెంటబడ్డాను.

కురుమలలో మంద కుక్కను అమ్మరు, కొనరు. తీసుకునేవాడు తన మందలో పుట్టిన ఆడ గొర్రెపిల్లను మారుగా ఇవ్వాలి. అందుకని కొమురయ్య నాలుగు నెలల నల్ల పిల్లను గొంగడిలో చుట్టుకొని బస్సెక్కాడు. ఆర్మూరు దాకా బాగానే గడుస్తుందనుకున్నాం. పావుగంటలోనే గొంగడి కదిలింది.

"ఏయ్ పెద్దమనిషీ, గా గొంగట్ల ఏందే?" అన్నాడు కండక్టరు.

"మా మేనత్త దగ్గరికి తోలుకపోతున్న."

"నీ మేనత్తకు ఎవ్వలు లేరా, గొర్రెను తోలుకపోతున్నవ్?"

"ఇచ్చి కుక్కను తెచ్చుకుంట."

కండక్టరు చేతిలోని టికెట్ల కట్ట ఆగిపోయింది. "గొర్రెనిచ్చి కుక్కను తెచ్చుకునేటోన్ని గీ రూట్ల నిన్నే చూస్తున్న," అన్నాడు. బస్సంతా నవ్వింది. వెనక సీటులోని ఒకావిడ మాత్రం నవ్వలేదు. "తోడేలు తిన్న ఇల్లు నవ్వది బాబూ," అని తన గంపలోని ముల్లంగి ఆకు తీసి పిల్లకు పెట్టింది. కండక్టరు ఇక మాట్లాడకుండా సామాను టికెట్టు కొట్టాడు.

సోన్ వంతెన దాటి

సోన్ దగ్గర గోదావరి దాటుతుంటే ఆడవాళ్లు కొంగుముడి విప్పి చిల్లర విసిరారు. నీళ్లు సగమే ఉన్నాయి, ఇసుక మేటల మీద కొంగలు. నిర్మల్ దాటి ఘాటు ఎక్కేసరికి గాలి మారింది. మా వైపు కోతలైపోయిన వరి మళ్లు. ఇక్కడ టేకు చెట్లు, వాటి సందుల్లో తెల్లగా విచ్చిన పత్తి, నడుమెత్తు జొన్న. మా వైపు ఇద్దరు కలిస్తే "బాగున్నవా" అంటారు. ఇక్కడ ముందు "రామ్ రామ్", ఆ తర్వాతే ఏ మాటయినా. చలి కూడా ఎక్కువే. ఈ చలిలో పెరిగిన కుక్కకు వెంట్రుక ఒత్తుగా ఉండాలని నోటుబుక్కులో ముందే రాసుకున్నాను. చూడకముందే రాయడం నాకు అలవాటు లేదు. ఆ రోజు ఆగలేకపోయాను.

ఇచ్చోడ

ఇచ్చోడలో దిగేసరికి సాయంత్రమైంది. చాయ్ అర్ధ రూపాయి, సాసరులో పోసుకొని తాగుతారు. హోటలాయన ఒకరితో తెలుగు, ఒకరితో మరాఠీ, ఇంకొకరితో ఉర్దూ మాట్లాడుతూ ఎక్కడా తడబడలేదు. అన్నం ఉందా అని అడిగితే జొన్నరొట్టె, శనగపిండి పిట్ల, పచ్చిమిర్చి దంచిన కారం తెచ్చి పెట్టాడు. మొదటి ముద్దకే కొమురయ్య కళ్లలో నీళ్లు తిరిగాయి.

"కరీంనగరోళ్లు బువ్వ లేకుంటే ఏడుస్తరంటే ఇనుడే గని, కండ్లతోని ఇయ్యాల చూస్తున్న," అన్నాడు హోటలాయన.

"కారానికి ఏడుస్తున్ననే, బువ్వకు కాదు."

"ఏదైతేంది కాకా, ఏడుసుడైతే ఏడుస్తున్నవ్ గద!"

రొట్టె మాత్రం నేను మూడు తిన్నాను. అంత మెత్తటి జొన్నరొట్టె మా ఇంట్లో ఎన్నడూ కాలేదు, ఈ మాట మా ఇంట్లో చదువుతారని తెలిసే రాస్తున్నాను. గంగవ్వ కుక్క కోసం వచ్చామంటే ఆయన చేతులు అడ్డంగా ఊపాడు.

"నకో సాబ్. గా అవ్వ తోని అయ్యేది కాదు. పోయినేడు ఒక సేటు జీపు ఏసుకొని వచ్చిండు. నీకు గొర్లున్నయా అన్నది అవ్వ. లేవన్నడు. మరి కుక్క దేన్ని గాయాలె, నిన్నా అన్నది. సేటు చాయ్ గూడ తాగకుంట పోయిండు."

కొమురయ్య ఒళ్లోని పిల్లను ఇంకా దగ్గరికి తీసుకున్నాడు. తోవలో తినడానికి నేను ఒక బిస్కెట్ల పుడ కొన్నాను. అది కొనకుండా ఉంటే బాగుండేది.

బోథ్ దాటిన తర్వాత

గురువారం బోథ్‌లో బస్సు దిగి, కాలిబాటన గంట నడిచాం, చివర్లో ఒక వాగు దాటాం. కోసిన జొన్న చేనులో ఎరువు కోసం మంద ఆపించుకున్నాడు ఆసామి. మా దిక్కూ అదే పద్ధతి, కాకపోతే మావాళ్లు వడ్లు కొలిచి ఇస్తారు, ఇక్కడ జొన్నలు.

మంద ఇంకా దూరంగా ఉండగానే చేను గట్టు మీద ఒక బూడిదరంగు బండ లేచి నిలబడింది. అదే మోతి, గంగవ్వ కుక్క. ఊరకుక్కలా ఉరికి రాలేదు. కడుపులోంచి వచ్చే గొంతుతో రెండే రెండుసార్లు మొరిగి మాకూ మందకూ మధ్య అడ్డంగా నిలబడింది. మేం ఆగాం. ముప్పై రెండేళ్లలో ఎద్దులకు, గుర్రాలకు, ఒకసారి సర్కసు ఎలుగుబంటికి కూడా మందు పోసినవాణ్ణి. ఆ కుక్క ముందు నా కాలు కదలలేదు.

"అత్తా! నేను కొమురయ్యను!" అని అరిచాడు కొమురయ్య.

గొర్రెల నడుమ నుంచి కర్ర పట్టుకొని డెబ్బై ఏళ్ల మనిషి వచ్చింది. "అరుస్తె అల్లుడవైతవా? నిలవడు. అది చూసుకోనీ," అంది. మోతి వచ్చి కొమురయ్యను, గొంగడిలోని పిల్లను, చివరికి నన్ను వాసన చూసి పక్కకు తప్పుకుంది. అప్పుడు నవ్వింది గంగవ్వ. "ఇగ రార్రి. గీ చదువుకున్నాయన ఎవ్వలు?"

"పశువుల దవాఖాన్ల కంపోండర్ సాబు. నీ కుక్కను పుస్తకంల రాస్తడట."

"రాస్తె గొర్ల పాలేమన్న పెరుగుతయా తమ్మీ?" అంది నాతో. అయినా ఆమె మోతి మెడ మీద చెయ్యి వేసి కూర్చుంటే కొలవనిచ్చింది. భుజం దగ్గర ఇరవై ఏడున్నర అంగుళాలు. వెడల్పు నుదురు, కిందికి వాలిన చెవులు, బిగిసిన పెదవులు, చొంగ లేదు. లోతైన ఛాతీ, గుంజల్లా నిటారుగా ముందుకాళ్లు. పైన ముతక వెంట్రుక, వేలు దూర్చితే లోపల ఉన్నిలాంటి మెత్తదనం. మెడకు మేకులు బయటికి పెట్టిన తోలు పట్టీ, తోడేలు గొంతు పట్టకుండా. ఇంగ్లీషు పుస్తకంలోని కొండ కుక్కలకు ఇది ఏ కొలతలోనూ తక్కువ కాదు. అది రాస్తుంటే నా అక్షరాలు మామూలు కంటే పెద్దగా పడ్డాయి.

గంగవ్వ మాత్రం టేపు వైపు చూడనేలేదు. "గవన్ని సరే తమ్మీ. అది ఎట్ల పండుకున్నదో రాసినవా?" అంది.

చూశాను. మోతి మళ్లీ గట్టెక్కి, గొర్రెల వైపు వీపు పెట్టి, అడవి వైపు ముఖం పెట్టి పడుకుంది.

"గొర్ల దిక్కు చూసుకుంట పండుకునేది గొర్లను తినే కుక్క. అడివి దిక్కు చూసేది కాసే కుక్క. కుందేలు ఉరికినా గది గట్టు దిగది. గొర్రె ఈనుతుంటె దూరం ఉంటది, తల్లి లేచి పోయినంకనే మాయను ముడుతది. దీనికి మొరుగుడు పని, కొట్లాట ఆఖరు పని. ముందుగాల కొట్లాడేదానికి పిచ్చి, మన గొర్రెనే పట్టుకుంటది ఒకనాడు."

ఇంగ్లీషు పుస్తకంలో గుణం అనే శీర్షిక కింద రెండు వాక్యాలే ఉన్నాయి. నేను ఆ పూట నాలుగు పేజీలు రాశాను.

నా తప్పు

మాకోసం ఆపిన కుక్కపిల్లకు మూడు నెలలు. తల్లి రంగే, రొమ్ము మీద తెల్ల మచ్చ. గొర్రెపిల్లలతో పాటు ముళ్లకంచె దొడ్డిలో ఉంచారు. శుక్రవారం పొద్దున గంగవ్వ మందను నీళ్లకు తోలింది. కొమురయ్య గొర్రెపిల్లలకు ఆకు కొట్టుకురావడానికి పోయాడు. నేను టేపు తీసుకొని దొడ్డిలోకి వెళ్లాను.

పిల్ల కుదురుగా నిలబడలేదు. ఒక బిస్కెట్టు ఇస్తే నిలబడింది. ఎత్తు, పొడవు, ఛాతీ చుట్టు, తల, చెవి, ముందుకాలి మందం, తోక. ఏడు కొలతలకు ఏడు బిస్కెట్లు. అయ్యాక వీపు నిమిరాను, ఒళ్లోకి ఎక్కితే ఎక్కనిచ్చాను. నేను దొడ్డి బయటికి వస్తే ముళ్ల సందులోంచి దూరి నా వెంట వచ్చింది. తిరిగి వచ్చిన గంగవ్వ కంటికి మొదట కనబడింది అదే, కూర్చొని రాసుకుంటున్న నేనూ, నా చెప్పు మీద గడ్డం ఆనించి పడుకున్న పిల్లా.

ఆమె కర్ర కింద పెట్టింది. "ఏం పెట్టినవ్ దానికి?"

చెప్పాను. దాచలేదు.

"కండ్లు తెరిచిన కాడికెంచి గా పిల్లను ఒక్క మనిషి ఎత్తుకోలే, ఎర్కేనా? నేను జొన్న గటుక పెడితే గొర్ల నడుమ పెట్టి మొఖం తిప్పుకుంట. అది గొర్లను ఇల్లు అనుకోవాలె, మనిషిని కాదు. నువ్వు ఒక్క పూటల మనిషిని అలవాటు చేస్తివి."

"అత్తా, తెల్వక చేసిండు..." అన్నాడు అప్పుడే వచ్చిన కొమురయ్య, ఆకు మోపు ఇంకా నెత్తి మీదే ఉంది.

"తెల్వక చేసినా అదే, తెలిసి చేసినా అదే. తోడేలు వచ్చేటియాల్లకు వీడు బిస్కెట్టు ఇచ్చేటోన్ని ఎతుక్కుంట ఊరి దిక్కు పోతడు. ఇగ వీడు ఇంటి కుక్క. మంద కోసం ఇయ్య."

వేరే పిల్ల లేదు. మళ్లీ ఈత ఏడాదికి. బేరగాడు సోమవారానికి. కొమురయ్య మోపు దించి, నా ముఖం చూడకుండా, "చదువుకున్నోనివి సాబు. ఒక్క మాట అడిగితే అరిగిపోవు గద," అన్నాడు.  తిట్టి ఉంటే నాకు కొంత తేలికయ్యేది.

సాయంత్రానికి గంగవ్వ కొంచెం మెత్తబడింది. మేం తెచ్చిన నల్ల పిల్లను కుక్కపిల్లతో వేరే చిన్న దొడ్డిలో ఉంచుతానంది. నేను ఆ ఛాయలకు రాకూడదు. ఆదివారం పొద్దున నేను పిలవాలి. నా దగ్గరికి వస్తే ఇవ్వదు. గొర్రెపిల్ల దగ్గరే ఉంటే ఇస్తుంది.

చేను అవతల

శనివారమంతా ఆసామి కొట్టం దగ్గర గడిపాను. ఆయన మరాఠీ కలిసిన తెలుగులో పత్తి పురుగు గురించి చెప్పాడు, నేను విన్నట్టు నటించాను. దూరం నుంచి చూస్తే దొడ్డిలో రెండు చుక్కలు, ఒకటి నలుపు, ఒకటి బూడిద. తల్లిని వదిలిన నల్ల పిల్ల పొద్దంతా అరిచింది. మధ్యాహ్నానికి అరుపు తగ్గింది. అప్పుడు రెండు చుక్కలూ ఒకటిగా కనబడ్డాయి. మాకు కుక్క దక్కిందని ఆసామికి చెప్పేశాను. ఆయన ఇంకో రొట్టె వేశాడు.

ఆదివారం పొద్దున గంగవ్వ దొడ్డి గడి తీసి, నన్ను ఇరవై అడుగుల దూరంలో నిలబెట్టింది. చేతిలో బిస్కెట్టు.

"పిలువు."

లోపల లోపలే అన్నట్టు పిలిచాను.

"గట్టిగ పిలువు తమ్మీ. తోడేలుకు మొహమాటం ఉండది."

గట్టిగా పిలిచాను. పిల్ల లేచింది. నల్ల పిల్లను ఒకసారి చూసింది. నన్ను చూసింది. తోక ఊపుతూ ఒకే పరుగున వచ్చి బిస్కెట్టు తిన్నది.

గంగవ్వ కర్రతో కుక్కపిల్లను మళ్లీ దొడ్డిలోకి తోలింది. కొమురయ్య దొడ్డిలోకి పోయి, నల్ల పిల్లను భుజాన వేసుకొని, అత్తకు దండం పెట్టి నడిచాడు.

వాగు

కుక్క దక్కనప్పుడు మారుగా తెచ్చిన పిల్ల తిరిగి పోవాల్సిందే. కొమురయ్య ముందు, నేను పది అడుగుల వెనక. భుజం మీద నల్ల పిల్ల ఒకటే అరుపు. అర మైలు అట్లాగే వచ్చాం. వాగు నీళ్లు మోకాలు లోతు. కొమురయ్య దిగి సగం దాటాడు.

వెనక గడ్డి కదిలింది. చూస్తే కుక్కపిల్ల. దూరంగా గట్టు మీద మోతి నిలబడి చూస్తోంది, తన మందను వదిలి రాలేదు. పిల్ల ఒక్కడే వస్తున్నాడు. నా చేతులు రెండూ వీపు వెనక్కి పెట్టుకున్నాను. జేబులో ఇంకా సగం పుడ ఉంది. వాడు నా కాళ్ల పక్కనుంచే పోయాడు. తల తిప్పలేదు, వాసన చూడలేదు. అరుపు వినవస్తున్న దిక్కుకే పోయి నీళ్లలో దూకాడు. ముక్కు తప్ప ఏమీ కనబడటం లేదు.

"కొమురయ్యా! పట్టుకో!" అన్నాను.

"ముట్టకు సాబు! నేను గూడ ముట్ట," అన్నాడతను. 

అవతలి ఇసుక మీద నల్ల పిల్లను దించాడు. కుక్కపిల్ల గట్టెక్కి, ఒళ్లు దులుపుకొని, దాని చుట్టూ ఒకసారి తిరిగి, మూతి నాకి, దానికి వీపు ఆనించి మా వైపు ముఖం పెట్టి కూర్చున్నాడు. నల్ల పిల్ల అరుపు ఆపింది.

కాసేపటికి కర్ర చప్పుడు. గంగవ్వ ఇవతలి ఒడ్డున నిలబడి రొప్పుతోంది. ఆ రెంటినీ చూసింది.

"బిస్కెట్టుకు వచ్చింది కడుపు ఆకలి," అంది చివరికి. "గిది గా ఆకలి కాదు."

"మరి ఇస్తవా అత్తా?"

"నేనేడ ఇస్తున్న? వాడే పోయిండు."

కొమురయ్య సంతోషపడబోయి ఆగిపోయాడు. మారు పిల్లను ఇక్కడే వదిలిపోవాలి కదా. వదిలితే వీడు రాడు. అతను నల్ల పిల్ల వైపు, అత్త వైపు మార్చి మార్చి చూశాడు. గంగవ్వకు అర్థమైంది.

"రెంటిని తోలుకపో. గా నల్లదాని కడుపున పుట్టిన మొదటి ఆడపిల్లను నాకు తే. తేకపోతివా, మోతిని పట్టుకొని నేనే వస్త." తర్వాత నా వైపు కర్ర చూపించింది. "వాడు మందల కలిసేదాక నువ్వు ముట్టకు. రాసుకో గది గూడ."

అక్కడే నిలబడి రాసుకున్నాను. లోపాలు అనే శీర్షిక కింద ఇట్లా రాశాను: మనిషి చేతి తిండి మరిగిన పిల్ల పనికి రాదు, తప్పు పిల్లది కాదు.

సోమవారం, ఇంటి దగ్గర

తిరుగు బస్సుల్లో కొమురయ్య కాళ్ల దగ్గర ఆ రెంటినీ పెట్టుకొని కూర్చున్నాడు, నేను అయిదు సీట్ల అవతల. రాత్రి నిర్మల్ బస్టాండులో గడిపి, సోమవారం పొద్దున్నే ఊరు చేరాం. అప్పటికే మంద దొడ్డి దగ్గర బేరగాడు లచ్చవ్వతో మాట్లాడుతున్నాడు.

కొమురయ్య నల్ల పిల్లను దొడ్డిలో దించాడు. అది తల్లి దగ్గరికి పరుగెత్తింది. వెనకే కుక్కపిల్ల. ముసలి గొర్రె ఒకటి కాలు తాటించి వాణ్ణి ఒక్క పోటు పొడిచింది. వాడు అరవలేదు, పళ్లు చూపలేదు. వెల్లకిలా పడుకొని పొట్ట చూపించాడు. గొర్రెలు ఒక్కొక్కటే వచ్చి వాసన చూసిపోయాయి. వాడు కదలకుండా చూడనిచ్చాడు. మోతి మమ్మల్ని చూసుకున్నట్టే అవి వాణ్ణి చూసుకున్నాయి.

లచ్చవ్వ నడుం మీద చేతులు పెట్టుకొని చూస్తోంది. "గింతదా?" అంది.

"పెరుగుతదే," అన్నాడు కొమురయ్య.

బేరగాడు నవ్వాడు. "అక్కా, గిది పెరిగేలోపట తోడేలు దీన్నే ఒక్క బుక్క చేస్తది. ఎందుకు పరేషాన్? ధర మాట్లాడుదాం." ఆ మాట అంటూనే దొడ్డిలోకి అడుగుపెట్టి, కండ ఎంతుందో చూడటానికి నల్ల పిల్ల తల్లి వీపు మీదికి చెయ్యి చాపాడు.

కుక్కపిల్ల లేచాడు. వచ్చి చేతికీ గొర్రెకూ మధ్య నిలబడ్డాడు. వాడి తల బేరగాడి మోకాలు దాకా కూడా రాదు. తోక పైకి లేచింది, మెడ వెంట్రుక లేచింది, రొమ్ములోంచి సన్నగా, విడవకుండా గుర్రు వచ్చింది. బేరగాడు ఇంకో అడుగు వేశాడు. వాడు వెనక్కి పోలేదు. అంతకంటే నన్ను మురిపించింది ఇంకొకటి. కొత్త మనిషిని చూసి చెదరాల్సిన గొర్రె వాడి వెనక కదలకుండా నిలబడి నెమరు వేస్తోంది.

లచ్చవ్వ ముఖం మీద నవ్వు మెల్లగా వచ్చింది.

"నాతోని మాట్లాడినవ్, మా ఇంటాయనతోని మాట్లాడినవ్," అంది బేరగాడితో, కుక్కపిల్ల వైపు చెయ్యి చూపి. "గాయనతోని మాట్లాడలే గద తమ్మీ. గాయన అమ్మడట. ఇగ పో."

బేరగాడు తువ్వాల దులిపి భుజాన వేసుకొని బయటికి వచ్చాడు. కొమురయ్య గడి పూర్తిగా తీశాడు. నూట తొమ్మిది గొర్రెలు మేతకు కదిలాయి, వాటి పక్కన ఆ బూడిదరంగు చుక్క. నేను తోవలోంచి తప్పుకొని నిలబడ్డాను.